ఫౌజీ ఇంటి పెన్షన్: ఆయన ఉండగా ఏం వస్తుంది, ఆయన తర్వాత ఇంట్లోవాళ్లకు ఏం వస్తుంది?

మా వీధిలో ఒక ఖాలా ఉన్నారు. ఆమె భర్త ఆర్మీలో హవల్దార్‌గా రిటైర్ అయి, ఊళ్లోనే చిన్న కిరాణా కొట్టు నడుపుకుంటూ ఇంతెఖాల్ అయ్యారు. నలభైరోజుల ఫాతిహా అయ్యాక ఆమె కొడుకు ఒక ప్లాస్టిక్ కవర్ నిండా కాగితాలు తెచ్చి నా ముందు పెట్టాడు. "అన్నా, నువ్వు కామర్స్ చదివావు కదా, అమ్మీకి పెన్షన్ ఎందుకు పడట్లేదో చూడు" అన్నాడు. చూస్తే సమస్య డబ్బుది కాదు, పేరుది. ఆర్మీ రికార్డులో ఆమె పేరు చివర "బీ" అని ఉంది. ఆధార్‌లో "బేగం" అని ఉంది. పుట్టిన సంవత్సరం రెండు చోట్లా రెండు రకాలుగా ఉంది. ఆ రెండూ ఒక్క మనిషివే అని నిరూపించడానికి ఆ కుటుంబానికి పద్నాలుగు నెలలు పట్టింది. అన్ని నెలలూ కొట్టు మీద వచ్చే చిల్లర డబ్బుతోనే ఇల్లు గడిచింది.

ఆయన బతికుండగా ఒక్క దరఖాస్తు పెట్టి ఉంటే ఈ బాధ ఉండేది కాదు. మన ఇళ్లల్లో చాలామంది ఫౌజులో చేశారు, ఇప్పుడూ చేస్తున్నారు. కానీ పెన్షన్ సంగతి ఇంట్లో ఆడవాళ్లకు చెప్పేవాళ్లు తక్కువ. అందుకే మిలటరీ పెన్షన్, ఫ్యామిలీ పెన్షన్ నియమాలన్నీ ఒక్కచోట, లెక్కలతో సహా ఇక్కడ ఇస్తున్నాం. దాచుకుని చదువుకోండి.

ముందు ఇది తేల్చుకోండి: ఏ ఫోర్స్?

మన వాడుకలో ఖాకీ, ఆలివ్ గ్రీన్ ఏది వేసుకున్నా "మిలటరీ" అనేస్తాం. పెన్షన్ లెక్కలో అలా కాదు. ఆర్మీ, నేవీ, ఎయిర్ ఫోర్స్ ఈ మూడూ రక్షణ శాఖ కిందికి వస్తాయి. సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్, సీఐఎస్‌ఎఫ్ వంటివి హోం శాఖ కింద ఉంటాయి.

తేడా ఎక్కడంటే, 2004 జనవరి 1 తర్వాత కేంద్ర ఉద్యోగాల్లో చేరినవాళ్లకు ఎన్‌పీఎస్ వచ్చింది. త్రివిధ దళాలను మాత్రం దాని నుంచి మినహాయించారు. అంటే 2010లో ఆర్మీలో సిపాయిగా చేరిన అబ్బాయికి కూడా పాత పద్ధతి పెన్షనే. అదే ఏడాది సీఆర్‌పీఎఫ్‌లో చేరినవాడు ఎన్‌పీఎస్ కిందికి వస్తాడు. వాళ్లకు కూడా పాత పెన్షన్ ఇవ్వాలని ఢిల్లీ హైకోర్టు 2023 జనవరిలో తీర్పు ఇచ్చింది కానీ, దాని మీద సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. ఈ వ్యాసంలో చెప్పేదంతా త్రివిధ దళాల గురించే.

ఇంకో పెద్ద తేడా అగ్నివీర్. 2022 జూన్‌లో అగ్నిపథ్ పథకం ప్రకటించాక సిపాయి స్థాయిలో చేరేవాళ్లంతా అగ్నివీర్లుగానే చేరుతున్నారు. వాళ్ల లెక్క పూర్తిగా వేరు. అది చివర్లో చెబుతాం.

సర్వీస్ పెన్షన్ ఎవరికి, ఎంత?

జవాన్లు, జేసీఓలకు కనీసం 15 ఏళ్ల సర్వీసు ఉండాలి. ఆఫీసర్లకు 20 ఏళ్లు. 15 ఏళ్లు నిండకుండా సొంతంగా బయటికి వచ్చేస్తే సాధారణంగా నెలనెలా పెన్షన్ ఉండదు, ఒకేసారి గ్రాట్యుటీ ఇచ్చి పంపిస్తారు. సర్వీసు వల్ల వచ్చిన గాయం, జబ్బుతో మెడికల్‌గా బయటికి పంపినవాళ్లకు ఈ 15 ఏళ్ల షరతు అడ్డు కాదు, వాళ్లకు డిజేబిలిటీ పెన్షన్ వేరుగా ఉంది.

పెన్షన్ అంటే చివరి జీతంలో సగం. ఇక్కడ జీతం అంటే బేసిక్ పే, దానికి మిలటరీ సర్వీస్ పే కలపాలి. జవాన్లకు, జేసీఓలకు ఈ మిలటరీ సర్వీస్ పే నెలకు 5,200 రూపాయలు. కొందరికి ఎక్స్ గ్రూప్ పే, క్లాసిఫికేషన్ అలవెన్సు కూడా కలుస్తాయి. కనీస పెన్షన్ 9,000 రూపాయలు. దీని మీద ఏడాదికి రెండుసార్లు, జనవరి, జూలై లెక్కన మారే కరువు భత్యం వేరుగా వస్తుంది.

ఒక లెక్క వేసుకుందాం. ఒక హవల్దార్ 24 ఏళ్లు చేసి రిటైర్ అయ్యారు అనుకోండి. బేసిక్ 39,200. మిలటరీ సర్వీస్ పే 5,200. మొత్తం 44,400. దీనిలో సగం 22,200. ఇదే ఆయన పెన్షన్. ఈ 44,400 అంకెను గుర్తు పెట్టుకోండి, కింద ఫ్యామిలీ పెన్షన్ లెక్కలన్నీ దీని మీదే వేస్తాం.

గ్రాట్యుటీ: ప్రతి ఆరు నెలల సర్వీసుకు జీతంలో పావు వంతు. 24 ఏళ్లంటే 48 అర్ధ సంవత్సరాలు. అంటే 12 నెలల జీతం. మన హవల్దార్‌కు 44,400 ను 12తో గుణిస్తే 5,32,800. గ్రాట్యుటీ లెక్కలో ఆ రోజుకు ఉన్న డీఏ కూడా కలుపుతారు కాబట్టి చేతికి వచ్చేది ఇంకా ఎక్కువ. ఎంత సర్వీసు ఉన్నా పదహారున్నర నెలల జీతం దాటదు. గరిష్ఠ పరిమితి 20 లక్షలు ఉండేది, 2024 జనవరి 1 నుంచి 25 లక్షలు చేశారు.

కమ్యుటేషన్: పెన్షన్‌లో కొంత భాగం వదులుకుని, దాని బదులు ఒకేసారి పెద్ద మొత్తం తీసుకోవడం. సివిల్ ఉద్యోగులు 40 శాతం దాకానే అమ్ముకోవచ్చు, ఫౌజీలు 50 శాతం దాకా అమ్ముకోవచ్చు. నలభై ఏళ్ల దరిదాపుల్లో రిటైర్ అయ్యేవాళ్లకు దాదాపు 9 రెట్లు లెక్క కడతారు. మన హవల్దార్ సగం, అంటే 11,100 వదులుకుంటే, 11,100 ను 12తో, మళ్లీ 9తో గుణిస్తే సుమారు 12 లక్షలు చేతికి వస్తాయి. నెలనెలా వచ్చే మూల పెన్షన్ 11,100కి తగ్గుతుంది. కానీ కరువు భత్యం మాత్రం పూర్తి 22,200 మీదే ఇస్తారు. 15 ఏళ్లు పూర్తయ్యాక అమ్ముకున్న భాగం తిరిగి కలుస్తుంది.

కమ్యుటేషన్ గురించి ఆడవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటి ఉంది. "ఆయన పెన్షన్ సగం అమ్ముకున్నారు, 15 ఏళ్లు కాకుండానే పోయారు, ఆ బాకీ నా పెన్షన్‌లో కోస్తారా?" అని. కోయరు. ఫ్యామిలీ పెన్షన్ లెక్కకు, కమ్యుటేషన్‌కు సంబంధం లేదు.

వన్ ర్యాంక్ వన్ పెన్షన్

ఒకే ర్యాంకులో, ఒకే సర్వీసుతో రిటైర్ అయినవాళ్లకు, ఎప్పుడు రిటైర్ అయినా ఒకే పెన్షన్ రావాలన్నది దీని ఉద్దేశం. 2015 నవంబర్ 7న ఉత్తర్వు వచ్చింది, 2014 జూలై 1 నుంచి అమలు చేశారు. ఐదేళ్లకోసారి సవరించాలి. ఆ ప్రకారం 2019 జూలై 1, 2024 జూలై 1 తేదీల నుంచి సవరణలు జరిగాయి. ఇందులోని లోటుపాట్లు చూడడానికి వేసిన ఏకసభ్య కమిషన్‌కు మన తెలుగువారే, పాట్నా హైకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎల్. నరసింహారెడ్డి అధ్యక్షులు. ప్రభుత్వ విధానాన్ని సుప్రీంకోర్టు 2022 మార్చి 16న సమర్థించింది.

ఓఆర్‌ఓపీ ఫ్యామిలీ పెన్షనర్లకు కూడా వర్తిస్తుంది. 2014కు ముందు భర్త పోయిన ముసలి అమ్మమ్మలు, నానమ్మలు మీ ఇంట్లో ఉంటే వాళ్ల పెన్షన్ ఈ సవరణల తర్వాత పెరిగిందో లేదో పాస్‌బుక్ తెరిచి చూడండి. పెరగకపోతే అడగండి.

80 ఏళ్లు నిండినవాళ్లకు పెన్షన్ మీద అదనం ఉంటుంది. 80 నుంచి 20 శాతం, 85 నుంచి 30, 90 నుంచి 40, 95 నుంచి 50, 100 ఏళ్లు నిండితే 100 శాతం. ఇది ఫ్యామిలీ పెన్షన్‌కు కూడా వర్తిస్తుంది. రికార్డులో పుట్టిన తేదీ లేకపోతే ఈ అదనం దానంతట అది రాదు.

ఫ్యామిలీ పెన్షన్: మూడు రకాలు

జవాను లేదా పెన్షనర్ చనిపోతే కుటుంబానికి వచ్చేది ఫ్యామిలీ పెన్షన్. మరణం ఎలా జరిగింది అన్నదాన్ని బట్టి ఇది మూడు రకాలు.

మొదటిది ఆర్డినరీ ఫ్యామిలీ పెన్షన్. సర్వీసుతో సంబంధం లేని మామూలు మరణం, లేదా రిటైర్ అయ్యాక మరణం. చివరి జీతంలో 30 శాతం వస్తుంది, కనీసం 9,000. మన హవల్దార్ లెక్కలో 13,320 రూపాయలు. అయితే మొదట్లో కొన్నేళ్లు ఎక్కువ రేటు ఇస్తారు, 50 శాతం. సర్వీసులో ఉండగా చనిపోతే పదేళ్ల పాటు. రిటైర్ అయ్యాక చనిపోతే ఏడేళ్ల పాటు, లేదా ఆయనకు 67 ఏళ్లు నిండే తేదీ వరకు, రెండిట్లో ఏది ముందైతే అది. మన హవల్దార్ 50 ఏళ్లకు చనిపోతే ఆయన భార్యకు ఏడేళ్లు నెలకు 22,200, ఆ తర్వాత 13,320 వస్తుంది. రెండింటి మీదా కరువు భత్యం అదనం. సర్వీసులో చనిపోయినవాళ్ల కుటుంబానికి ఈ ఎక్కువ రేటు రావాలంటే ఏడేళ్ల సర్వీసు ఉండాలనే షరతు ఉండేది, 2019 అక్టోబర్ 1 నుంచి తీసేశారు.

ఏడేళ్లు అయ్యాక పెన్షన్ తగ్గితే చాలామంది "బ్యాంకు వాళ్లు కోసేశారు" అనుకుంటారు. అది కోత కాదు, నియమం. ముందే తెలిస్తే ఇంటి ఖర్చు, పిల్లల ఫీజులు దానికి తగ్గట్టు చూసుకోవచ్చు.

రెండోది స్పెషల్ ఫ్యామిలీ పెన్షన్. డ్యూటీలో ప్రమాదం, లేదా సర్వీసు పరిస్థితుల వల్ల వచ్చిన, ముదిరిన జబ్బుతో మరణం. దీనికి 60 శాతం. మన లెక్కలో 26,640.

మూడోది లిబరలైజ్డ్ ఫ్యామిలీ పెన్షన్. యుద్ధంలో, శత్రువు చేతిలో, ఉగ్రవాదులతో పోరులో చనిపోయినవాళ్ల కుటుంబానికి. దీనికి 100 శాతం, అంటే మొత్తం 44,400. ఆయన బతికుంటే వచ్చే పెన్షన్‌కు ఇది రెండింతలు.

అందుకే మరణం ఏ వర్గం కిందికి వస్తుందో రాసే కాగితం చాలా ముఖ్యం. రక్షణ శాఖ 2001 జనవరి 31 నాటి ఉత్తర్వులో ఏ, బీ, సీ, డీ, ఈ అని ఐదు వర్గాలు పెట్టింది. ఏ అంటే సర్వీసుతో సంబంధం లేని మరణం, ఈ అంటే యుద్ధం, శత్రు చర్య. 13,320కీ 26,640కీ మధ్య తేడా ఒక్క అక్షరం. సర్వీసులో ఉన్న కొడుకో భర్తో చనిపోయి, రికార్డులో "సర్వీసుతో సంబంధం లేదు" అని రాస్తే, ఆ కాగితం కాపీ అడగండి. అది తప్పనిపిస్తే అప్పీల్ చేసుకునే హక్కు ఉంది.

డ్యూటీలో పోయినవాళ్లకు కేంద్రం ఒకేసారి ఇచ్చే ఎక్స్‌గ్రేషియా వేరు. 2016 జనవరి 1 నుంచి డ్యూటీలో ప్రమాదానికి, ఉగ్రవాదుల హింసకు 25 లక్షలు. సరిహద్దు ఘర్షణలు, మిలిటెంట్లపై చర్యల్లో మరణానికి 35 లక్షలు. యుద్ధంలో శత్రు చర్యకు 45 లక్షలు. గ్రూప్ ఇన్సూరెన్స్ డబ్బు దీనికి అదనం.

ఎవరికి వస్తుంది, ఎవరి తర్వాత ఎవరికి?

మొదటి హక్కు భార్యది. ఆమె బతికున్నంత కాలం వస్తుంది. ఆమె ఉద్యోగం చేస్తున్నా వస్తుంది.

ఆమె తర్వాత పిల్లలు, పుట్టిన వరుసలో. 25 ఏళ్లు నిండే వరకు, లేదా పెళ్లి అయ్యే వరకు, లేదా సంపాదన మొదలయ్యే వరకు. పెళ్లి కాని, భర్త పోయిన, విడాకులైన కూతుళ్లకు 25 దాటాక కూడా వస్తుంది, కానీ సొంత ఆదాయం కనీస ఫ్యామిలీ పెన్షన్ 9,000, దాని మీద కరువు భత్యం దాటకూడదు. వైకల్యం ఉండి సంపాదించుకోలేని బిడ్డకు జీవితాంతం. వాళ్ల ఆదాయ పరిమితిని రక్షణ శాఖ 2021లో బాగా సడలించింది. భార్య, పిల్లలు లేకపోతే ఆధారపడిన తల్లిదండ్రులకు.

ఇక మన కుటుంబాల్లో ప్రత్యేకంగా వచ్చే ప్రశ్నలు.

విడాకులైన కూతురు: తలాఖ్ లేదా ఖులా తల్లిదండ్రులిద్దరిలో కనీసం ఒకరు బతికుండగా జరిగి ఉండాలి. లేదా కనీసం వాళ్లు బతికుండగా కోర్టులో కేసు వేసి ఉండాలి. ఇక్కడే చాలామంది ఇరుక్కుంటున్నారు. పెద్దల పంచాయితీలో మాటతో తెగిపోయిన నిఖాకు చూపించడానికి కాగితం ఉండదు. ఒకేసారి మూడు తలాఖ్‌లు చెప్పడం 2019 చట్టం ప్రకారం చెల్లదు కూడా. కాబట్టి కూతురు పుట్టింటికి వచ్చేసి ఉంటే, తండ్రి పెన్షనర్ అయితే, ఆయన బతికుండగానే విడాకుల విషయం కోర్టు ద్వారా కాగితం మీదికి తెచ్చుకోండి. తర్వాత చూద్దాం అంటే ఆమె హక్కే పోతుంది.

ఇద్దరు భార్యలు: చట్టబద్ధంగా నిఖా అయిన భార్యలు ఒకరికంటే ఎక్కువమంది ఉంటే పెన్షన్ సమానంగా పంచుతారు. అయితే రికార్డులో లేని భార్య తన నిఖాను తానే నిరూపించుకోవాల్సి వస్తుంది.

రిటైర్ అయ్యాక నిఖా: మొదటి భార్య చనిపోయి, రిటైర్ అయ్యాక మళ్లీ నిఖా చేసుకున్నవాళ్లు ఉన్నారు. ఆ భార్యకు కూడా ఫ్యామిలీ పెన్షన్ హక్కు ఉంది. 1989లోనే సుప్రీంకోర్టు తేల్చింది. ఖాజీ ఇచ్చిన నిఖానామా, వక్ఫ్ బోర్డు మ్యారేజ్ సర్టిఫికెట్ జతచేసి పెన్షన్ రికార్డులో ఆమె పేరు చేర్పించడం భర్త చేయాల్సిన పని.

భర్త పోయాక ఆమె మళ్లీ నిఖా చేసుకుంటే: ఆర్డినరీ పెన్షన్‌లో పిల్లలు ఉంటే పెన్షన్ పిల్లలకు మారుతుంది. పిల్లలు లేని భార్యకు, ఆదాయ పరిమితికి లోబడి, మళ్లీ పెళ్లి చేసుకున్నా కొనసాగుతుంది. యుద్ధంలో పోయినవాళ్ల భార్యలకు కూడా మళ్లీ నిఖాతో హక్కు మొత్తం పోదు, పిల్లల పోషణ ఎవరు చూస్తున్నారన్న దాన్ని బట్టి పెన్షన్ నిర్ణయిస్తారు. "మళ్లీ నిఖా చేసుకుంటే అంతా పోతుంది" అని చిన్న వయసు అమ్మాయిలను భయపెట్టి కూర్చోబెట్టడం తప్పు. ముందు నియమం అడిగి తెలుసుకోండి.

పెన్షన్ విరాసత్‌లో పంచాలా?

ఇది ఇళ్లల్లో గొడవలు తెచ్చే ప్రశ్న. మర్హూమ్ అన్నదమ్ములు వచ్చి "షరీయత్ ప్రకారం పెన్షన్‌లో మాకూ వాటా ఉంది" అంటారు. ఫ్యామిలీ పెన్షన్ చనిపోయిన మనిషి ఆస్తి కాదు. ఆయన దాన్ని సంపాదించి దాచిపెట్టలేదు, ఆయన మరణం తర్వాత ప్రభుత్వం నియమాల ప్రకారం ఫలానావారికి అని నేరుగా ఇచ్చేది. దాన్ని వీలునామాలో ఇంకొకరికి రాయడం కూడా కుదరదు. 1991లో వయొలెట్ ఐజాక్ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. అది రైల్వే ఉద్యోగి కేసు అయినా సూత్రం ఒకటే.

ఇల్లు, ప్లాటు, బ్యాంకులో ఉన్న సొమ్ము మాత్రం ఆస్తే. మెహర్ బాకీ ఉంటే ముందు అది, మిగతా అప్పులు తీర్చాక వాటాలు. పిల్లలు ఉంటే భార్యకు ఎనిమిదో వంతు, లేకపోతే నాలుగో వంతు. బ్యాంకు ఖాతాలో నామినీగా పేరు ఉన్నంత మాత్రాన డబ్బంతా ఆ నామినీది కాదు. నామినీ తీసుకోవచ్చు, వారసులకు వాటా ఇవ్వాల్సిందే. ఈ రెండింటినీ కలపకుండా చూసుకుంటే సగం గొడవలు ఉండవు.

స్పర్శ్: ఇప్పుడు అంతా ఇక్కడే

ఇంతకుముందు బ్యాంకులు పెన్షన్ ఇచ్చేవి. ఇప్పుడు ప్రయాగ్‌రాజ్‌లోని పెన్షన్ అకౌంట్స్ ప్రధాన కార్యాలయం స్పర్శ్ అనే వెబ్ పోర్టల్ ద్వారా నేరుగా ఖాతాలో వేస్తోంది. పెన్షన్ పేమెంట్ ఆర్డర్, అంటే పీపీఓ, అందులోనే కనిపిస్తుంది. పీపీఓలో భార్య పేరు, పుట్టిన తేదీ సరిగ్గా ఉన్నాయా అన్నది మొదట చూడాల్సిన విషయం.

ఏటా ఒకసారి బతికే ఉన్నానని లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. మామూలుగా నవంబర్‌లో. మీ గడువు తేదీ స్పర్శ్ ఖాతాలో కనిపిస్తుంది. ఇవ్వకపోతే పెన్షన్ ఆగిపోతుంది. మీసేవకో బ్యాంకుకో వెళ్లలేనివాళ్లు ఫోన్‌లో జీవన్ ప్రమాణ్ యాప్‌తో ముఖం చూపించి ఇంట్లోంచే ఇవ్వొచ్చు. వేలిముద్రలు అరిగిపోయిన ముసలివాళ్లకు ఇది బాగా ఉపయోగం. రిటైర్ అయ్యాక గల్ఫ్‌లో సెక్యూరిటీ ఉద్యోగాలకు వెళ్లినవాళ్లు అక్కడి భారత ఎంబసీ లేదా కాన్సులేట్ ద్వారా ఇవ్వొచ్చు.

పెన్షనర్ చనిపోతే ఆ సంగతి స్పర్శ్‌లో వెంటనే తెలపాలి. డెత్ సర్టిఫికెట్, పీపీఓ, భార్య ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్ కావాలి. సొంతంగా చేయలేకపోతే కామన్ సర్వీస్ సెంటర్లు ఉన్నాయి, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఉంది. ఇద్దత్‌లో ఉన్న ఆమె నాలుగు నెలల పది రోజులు ఆగి, తర్వాత చూద్దాం అనుకోనక్కర్లేదు. కాగితాలు కొడుకు గానీ తమ్ముడు గానీ తీసుకెళ్లి మొదలుపెట్టొచ్చు.

ఒక హెచ్చరిక. ఆయన చనిపోయాక ఆ ఖాతాలో పడిన పెన్షన్‌ను ఏటీఎం కార్డుతో తీసేయకండి. ఎక్కువగా పడిన డబ్బు తర్వాత వెనక్కి లాక్కుంటారు, ఫ్యామిలీ పెన్షన్ మొదలవ్వడం కూడా చిక్కుల్లో పడుతుంది.

పేరు తేడా ఎలా సరిచేసుకోవాలి?

మనవాళ్లలో ఇది పెద్ద రోగం. "షేక్" ఒకచోట, "ఎస్.కె." ఒకచోట. "బీ" ఒకచోట, "బేగం", "ఉన్నీసా" ఇంకోచోట. ఇంటి పేరు ముందు ఒకచోట, వెనక ఇంకోచోట. రిక్రూట్‌మెంట్ రోజు క్లర్క్‌కు వినపడినట్టు రాసుకున్నాడు, నలభై ఏళ్లు అలాగే ఉండిపోయింది.

సర్వీసులో ఉన్నవాళ్లకు ఇది తేలిక. నిఖా, పిల్లల పుట్టుక, పేరు మార్పు ఏదైనా యూనిట్‌లో పార్ట్ టూ ఆర్డర్ ద్వారా రికార్డుకు ఎక్కుతుంది. లీవ్‌లో నిఖా చేసుకుని వెళ్లినవాళ్లు యూనిట్‌కు చేరగానే నిఖానామా ఇచ్చి ఇది చేయించుకోవాలి.

రిటైర్ అయినవాళ్లు తమ రికార్డ్ ఆఫీసుకు రాయాలి. ఆర్డినెన్స్ కోర్, ఈఎంఈ రికార్డ్ ఆఫీసులు సికింద్రాబాద్‌లోనే ఉన్నాయి. ఆర్టిలరీది నాసిక్ రోడ్, మద్రాస్ రెజిమెంట్‌ది వెల్లింగ్టన్. నేవీ వాళ్లకు ముంబై, ఎయిర్ ఫోర్స్ వాళ్లకు ఢిల్లీ. రెండు పేర్లూ ఒక్కరివే అని అఫిడవిట్, ఆధార్, నిఖానామా, డిశ్చార్జ్ బుక్ కాపీలు కలిపి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా పంపితే పని సాఫీగా జరుగుతుంది. భర్త బతికుండగా ఆయన సంతకంతో వెళ్లిన దరఖాస్తుకు ఉన్న బలం, ఆయన పోయాక ఆమె పెట్టే పది దరఖాస్తులకు ఉండదు.

పెన్షన్ కాకుండా ఇంకేం ఉన్నాయి?

వైద్యం: 2003 ఏప్రిల్ 1 నుంచి ఈసీహెచ్‌ఎస్ ఉంది. పెన్షనర్, భార్య, ఆధారపడిన పిల్లలు, తల్లిదండ్రులకు వర్తిస్తుంది. సికింద్రాబాద్, విశాఖపట్నం, విజయవాడ వంటి చోట్ల పాలీక్లినిక్‌లు ఉన్నాయి. ఆయన పోయాక కూడా ఫ్యామిలీ పెన్షనర్‌కు కొనసాగుతుంది, కార్డు ఆమె పేరున మార్పించుకోవాలి.

చదువు: ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ కింద ప్రొఫెషనల్ కోర్సులు చదివే పిల్లలకు నెలకు అమ్మాయిలకు 3,000, అబ్బాయిలకు 2,500. ఇంటర్‌లో 60 శాతం మార్కులు ఉండాలి. కేంద్రీయ సైనిక్ బోర్డు ద్వారా దరఖాస్తు చేయాలి.

పేదలకు సాయం: పెన్షన్ లేని, 65 దాటిన మాజీ సైనికులకు, వాళ్ల భార్యలకు నెలనెలా ఇచ్చే గ్రాంటు 4,000 ఉండేది, 2025 నవంబర్ 1 నుంచి 8,000 చేశారు. హవల్దార్, అంతకన్నా కింది ర్యాంకు వాళ్ల ఇద్దరు పిల్లల చదువుకు ఒక్కొక్కరికి నెలకు 2,000. ఇద్దరు కూతుళ్ల పెళ్లికి ఒక్కొక్కరికి లక్ష. భర్త పోయిన ఆమె మళ్లీ పెళ్లి చేసుకున్నా ఈ పెళ్లి గ్రాంటు అడగొచ్చు. ఇవన్నీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారానే.

రెండు ఫ్యామిలీ పెన్షన్లు: ఫౌజు తర్వాత ప్రభుత్వ ఉద్యోగం చేసి, అక్కడ కూడా పెన్షన్ సంపాదించినవారి కుటుంబానికి 2012 సెప్టెంబర్ 24 నుంచి రెండు ఫ్యామిలీ పెన్షన్లూ వస్తాయి. అంతకుముందు ఒకటే ఎంచుకున్నవాళ్లు రెండోదానికి దరఖాస్తు చేసుకున్నారో లేదో చూసుకోండి.

ఇన్‌కమ్ ట్యాక్స్: గ్రాట్యుటీ, కమ్యుటేషన్ డబ్బు మీద పన్ను లేదు. నెలనెలా వచ్చే పెన్షన్ మీద మామూలుగానే పన్ను లెక్క. ఆపరేషనల్ డ్యూటీలో చనిపోయినవారి కుటుంబ పెన్షన్‌కు పన్ను పూర్తిగా మినహాయింపు.

అగ్నివీర్ ఇంట్లో వాళ్లు ఇది చదవండి

అగ్నివీర్ నాలుగేళ్ల కొలువు. జీతం మొదటి ఏడాది 30,000తో మొదలై నాలుగో ఏడాది 40,000. అందులో 30 శాతం సేవా నిధికి పోతుంది, ప్రభుత్వం అంతే కలుపుతుంది. నాలుగేళ్ల తర్వాత వడ్డీ కాకుండా సుమారు 10.04 లక్షలు, వడ్డీతో కలిపి దాదాపు 11.71 లక్షలు, పన్ను లేకుండా ఇస్తారు. పెన్షన్ లేదు, గ్రాట్యుటీ లేదు. 25 శాతం వరకు మాత్రమే రెగ్యులర్‌గా తీసుకుంటారు. అలా తీసుకున్నవాళ్లకే పెన్షన్ దారి తెరుచుకుంటుంది. మొదటి బ్యాచ్ నాలుగేళ్లు 2026 చివర, 2027 మొదట్లో నిండుతాయి.

చనిపోతే ఫ్యామిలీ పెన్షన్ ఉండదు. ప్రీమియం కట్టకుండానే 48 లక్షల బీమా ఉంది. మరణం డ్యూటీ వల్ల అయితే 44 లక్షల ఎక్స్‌గ్రేషియా, మిగిలిన నాలుగేళ్ల కాలానికి జీతం, సేవా నిధి అదనంగా ఇస్తారు. చేతికి ఒకేసారి పెద్ద మొత్తం వస్తుంది, ఆ తర్వాత నెలనెలా ఏమీ రాదు. అందుకే ఆ డబ్బును ఎక్కడ పెట్టాలన్నది ఆ వారం ఇంటికి వచ్చే చుట్టాలను చూసి తేల్చకండి.

న్యాయం ఎక్కడ అడగాలి?

ముందు రికార్డ్ ఆఫీసుకు రాతపూర్వకంగా రాయండి, రిజిస్టర్డ్ పోస్టు రసీదు దాచండి. స్పర్శ్‌లో ఫిర్యాదు నంబర్ తీసుకోండి. అప్పీల్ తిరస్కరిస్తే ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్ ఉంది. 2007 చట్టంతో ఏర్పడింది, రెండు తెలుగు రాష్ట్రాలకు చెన్నై బెంచ్. "ఫైల్ కదిలిస్తాను, ఎరియర్స్‌లో సగం ఇవ్వు" అనే మధ్యవర్తులను ఇంట్లోకి రానివ్వకండి. పాస్‌వర్డ్, ఓటీపీ ఎవరికీ చెప్పకండి.

చివరిగా

రిటైర్ అయిన చాచాలకు, నానాలకు ఒక్క మాట. ఈ శుక్రవారం జుమా నమాజ్ అయ్యాక ఒక గంట తీయండి. పీపీఓ, డిశ్చార్జ్ బుక్, ఆధార్ కార్డులు, నిఖానామా, బ్యాంకు పాస్‌బుక్ నేల మీద పరిచి, భార్యను పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. ఆమె పేరు, పుట్టిన తేదీ అన్నిటిలో ఒకటిగా ఉన్నాయా? స్పర్శ్ పాస్‌వర్డ్ ఎక్కడ రాసి ఉందో ఆమెకు తెలుసా? రికార్డ్ ఆఫీసు చిరునామా పిల్లల దగ్గర ఉందా? ఒక్క అక్షరం తేడా ఉన్నా సోమవారం దరఖాస్తు పెట్టండి.

మా వీధి ఖాలాకు చివరికి పెన్షన్ వచ్చింది, ఎరియర్స్‌తో సహా. అల్‌హమ్దులిల్లాహ్. కానీ ఆ పద్నాలుగు నెలల్లో చిన్న కూతురు కాలేజీ మానేసింది. ఆ ఏడాది ఎరియర్స్‌లో తిరిగి రాలేదు.